వంటింట్లో నా రెండవ సర్వీసు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, పి.ఆర్.సి. గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నేను మాట్లాడబోయేది ఇంట్లో పైనాపిల్ పఫ్‌లు చేయడం గురించి. వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. మొదట్లో నేనూ నవ్వినవాడినే.

1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. 36 ఏళ్ల సర్వీసు. ఆ 36 ఏళ్లలోనూ నేను వంటింట్లోకి వెళ్లింది మంచినీళ్ల కోసం మాత్రమే, అదీ మా ఆవిడ ఊళ్లో లేనప్పుడు. రిటైరయ్యాక మరో పదకొండేళ్లు కూడా అదే వరస. నాతోపాటు ఆవిడ రిటైరు కాలేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

2019లో ఒకనాటి ఉదయం ఆవిడ చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. మాట కొంచెం తడబడింది. "నీరసం, కాసేపు పడుకో" అన్నాను. కుడిచేయి తిమ్మిరిగా ఉందంటే బామ్ రాశాను. సాయంత్రానికి గాని ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. పక్షవాతం అన్నారు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి, మొదటి నాలుగున్నర గంటల లోపు తీసుకువస్తే, తగినవారికి ఆ గడ్డను కరిగించే ఇంజక్షను ఇస్తారు. మాకు ఆ గడువు దాటిపోయింది. సర్వీసంతా "గడువు దాటిన దరఖాస్తులు స్వీకరించబడవు" అని రాసి పంపినవాడిని. ఆ మాట చివరకు నా ఇంటికే వచ్చింది.

అందుచేత పఫ్‌ల సంగతికి ముందు ఒక మనవి. మూతి వంకర పోయినా, చేయి పైకి లేవకపోయినా, మాట తడబడినా బామ్ సీసా వెతకవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన ఆటో ఎక్కించండి.

ప్రాణానికి ముప్పు తప్పింది. ఆరు నెలలకు నడక వచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం మాట వినలేదు. వంటమనిషిని పెట్టుకున్నాం. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. పోపు మాడుతుంటే చూసేది గాని ఏమీ అనేది కాదు. ఒకరోజు మెల్లగా, "నేనిక ఎందుకూ పనికిరానండీ" అంది.

ఆ మాట నాకు తెలిసిన మాటే. 2008లో ఆఖరి రోజున పూలదండ, శాలువా, గోడ గడియారం పట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ఉదయం అలవాటుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక హాల్లో నిలబడిపోయాను. మీలో చాలామంది అలా నిలబడే ఉంటారు. అప్పుడు ఆవిడ నా చేతికి సంచీ ఇచ్చి, "రైతుబజారుకి వెళ్లి లేత వంకాయలు చూసి పట్టుకురండి" అంది. ఆ సంచీ ఎంత పెద్ద ఉపకారమో నాకు పదకొండేళ్ల తర్వాత తెలిసింది. మరి ఆవిడ చేతికి నేనేం ఇవ్వగలను?

ఫిజియోథెరపిస్టు గారు వేళ్ల బలానికి రోజూ మెత్తటి పిండిముద్ద పిసకమన్నారు. పిండి కలిపే బాధ్యత నాది. ఒకరోజు జారుగా, ఒకరోజు రాయిలా కలిపేవాణ్ణి. పిసకడం అయ్యాక ఆ ముద్ద పారేస్తుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. "అన్నంతో సమానమండీ, రోజూ పారేస్తారా?" అనేది. 2022 వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు ఇదంతా చూసి, "తాతయ్యా, అటక మీద నాన్న కొన్న ఓవెన్ ఉందిగా, పైనాపిల్ పఫ్‌లు చేయండి" అన్నాడు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడది మండపేట వైపు. మడత కాజాకు పేరుపడ్డ తాపేశ్వరం అక్కడికి దగ్గరే. "పఫ్ అంటే ఏముందండీ, మన కాజాకి చుట్టమే. దాన్ని వేయించి పాకంలో వేస్తాం, దీన్ని కాలుస్తారు. మడత పెట్టడం వస్తే చాలు" అంది. "మడత పెట్టడం నాకు బాగా వచ్చు, 36 ఏళ్లు ఉత్తరాలు మడతపెట్టినవాణ్ణి" అన్నాను. అన్న తర్వాత వెనక్కి తగ్గడం కుదరలేదు.

ఇక పద్ధతి చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. 12 పఫ్‌లకు మైదా 250 గ్రాములు, వెన్న 200 గ్రాములు, బాగా చల్లటి నీళ్లు సుమారు 125 మిల్లీలీటర్లు, నిమ్మరసం ఒక చెంచా. వెన్నలో ఉప్పు లేకపోతే అర చెంచా ఉప్పు. మైదాలో 30 గ్రాముల వెన్న కలిపి, నిమ్మరసం, నీళ్లు పోసి ముద్ద చేయాలి. ఎక్కువ మర్దనా వద్దు. దాన్ని కప్పి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. మిగతా చల్లటి వెన్నను రెండు పాలిథిన్ కాగితాల మధ్య పెట్టి అప్పడాల కర్రతో కొట్టి, అర సెంటీమీటరు మందాన చదరంగా చేయాలి. పిండిని దానికి రెట్టింపు చదరంగా వత్తి, మధ్యలో వెన్న బిళ్లను ఐమూలగా పెట్టి, నాలుగు మూలలూ కవరు అంటించినట్టు లోపలికి మడవాలి. తర్వాత పొడవుగా వత్తి, ఉత్తరాన్ని మడిచినట్టు మూడు మడతలు పెట్టాలి. పక్కకు తిప్పి మళ్లీ వత్తి మళ్లీ మూడు మడతలు. అరగంట ఫ్రిజ్. అలా మొత్తం నాలుగుసార్లు.

గుమాస్తా బుద్ధి కదా, లెక్క కట్టాను. మొదటి మడతకు వెన్న పొరలు 3, రెండవదానికి 9, తర్వాత 27, నాలుగవదానికి 81. ఆరుసార్లు మడిస్తే 729. ఇంటికి 81 చాలు. ఇందులో ఈస్టు, సోడా ఏమీ లేవు. ఓవెన్ వేడికి పిండిలోని తేమ, వెన్నలోని తేమ ఆవిరై పొరలను పైకి ఎత్తుతుంది. మధ్యనున్న వెన్న ఆ పొరలను ఒకదానికొకటి అంటుకోనివ్వదు. అంతే రహస్యం.

రహస్యం చెప్పడం తేలిక. మే నెల, విశాఖపట్నం ఉక్క. మొదటిసారి నేను ఫ్రిజ్ మాట పట్టించుకోకుండా నాలుగు మడతలూ ఏకబిగిన పెట్టేశాను. వెన్న కరిగి పిండిలో ఇంకిపోయింది, మిగిలింది ట్రేలోకి కారింది. ఇల్లంతా పొగ. పెంకుల్లాంటివి పన్నెండు వచ్చాయి. రెండవసారి పచ్చి పైనాపిల్ ముక్కలు పెట్టాను. రసం ఊరి అడుగు నానిపోయింది. మూడవసారి అన్నీ సరిగా చేసి, పొంగాయో లేదో చూద్దామని మధ్యలో ఓవెన్ తలుపు తీశాను. పొంగినవి చప్పబడిపోయాయి.

నాలుగవసారి నా చేతివాటం చూసి, అంతవరకు గుమ్మంలోనే కూర్చున్న ఆవిడ ఇక పట్టలేకపోయింది. "అది అప్పడాల కర్రండీ, మీ ఆఫీసు రూళ్లకర్ర కాదు! అలా అదిమితే పొరలన్నీ ఒకటైపోవూ?" అని గట్టిగా కేకేసింది. జబ్బు చేసిన మూడేళ్లలో ఆవిడ నన్ను కసరడం అదే మొదటిసారి. వెంటనే తనే పకపకా నవ్వింది. కుర్చీ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ సూపరింటెండెంటు, నేను ఎల్.డి.సి.

అరగంటల విరామం గురించి ఆవిడ చెప్పిన మాట మీకు చెప్పాలి. వెంటవెంటనే వత్తితే పిండి రబ్బరులా వెనక్కి లాగుతుంది. "దానికీ కాస్త సెలవివ్వాలండీ, అప్పుడే మాట వింటుంది" అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. నా సర్వీసు రిజిస్టరులో ఆర్జిత సెలవు, అర్ధజీతపు సెలవు, క్యాజువల్ లీవు, అన్నీ లెక్కగా ఉన్నాయి. ఆవిడకు 45 ఏళ్ల వంటలో ఒక్కరోజు సెలవు నేను మంజూరు చేసిన దాఖలా లేదు.

పండు సంగతి. మాకు సింహాచలం పైనాపిల్ దగ్గర. చెక్కు, కళ్లు, నడిమి గట్టి భాగం తీసేసిన ముక్కలు 400 గ్రాములకు పంచదార 100 గ్రాములు వేసి సన్నసెగ మీద తడి ఇగిరేదాకా ఉడికించాలి. చివర ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ నీళ్లలో కలిపి పోసి చిక్కబడనిచ్చి, ఏలకుల పొడి చల్లాలి. పూర్తిగా చల్లారాకనే వాడాలి. జామ, మామిడి, ఆపిల్ కూడా ఇలాగే. పిండిని 4 మిల్లీమీటర్ల మందాన వత్తి, పదునైన చాకుతో 10 సెంటీమీటర్ల చదరాలు కోయాలి. మొద్దు చాకుతో కోస్తే అంచులు నలిగి పొంగవు. మధ్యలో ఒక చెంచా పండు పెట్టి, అంచుకు నీటి తడి చేసి, మూలకు మూల మడిచి, కజ్జికాయకు అంచు నొక్కినట్టు ఫోర్కుతో నొక్కాలి. పైన చిన్న గాటు పెట్టి, పాలు రాసి, పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. రంగు తిరిగేదాకా తలుపు తీయవద్దు. మాది 1500 వాట్ల ఓవెన్. ముందు వేడిచేసేదానితో కలిపి ఒక యూనిట్ లోపే కరెంటు. ఎండాకాలమైతే తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టండి, ఎలాగూ మనకు ఆ వేళకు నిద్ర పట్టదు.

ఫోర్కుతో అంచు నొక్కడం అన్నాను చూశారా, అది ఆవిడ పని. మొదటిరోజు ఫోర్కు మూడుసార్లు కిందపడింది. నేను అందుకోబోతే, "ఉండండి, నేనే చేస్తాను" అంది. పన్నెండు పఫ్‌ల అంచులు నొక్కడానికి ముప్పావుగంట పట్టింది. పిండి మెత్తబడకుండా నేను ట్రేని రెండుసార్లు ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. ఇప్పుడు పది నిమిషాలు పడుతోంది. పఫ్‌ల వల్ల చేయి బాగుపడిందని నేను చెప్పను. మందులు, డాక్టర్లు, వ్యాయామం చేయవలసిన పని చేశాయి. ఇప్పటికీ బరువైన గిన్నె ఎత్తలేదు. కాని "ఎందుకూ పనికిరాను" అన్న మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఆరోగ్యం గురించి కూడా చెప్పడం నా విధి. పఫ్ ఒక్కింటికి దగ్గర దగ్గర 17 గ్రాముల వెన్న, 8 గ్రాముల పంచదార, పైగా మైదా. నాకు షుగరు, మీలో సగంమందికి ఉండే ఉంటుంది. మేము నెలకు ఒకసారే చేస్తాం, నేను సగం ముక్క తింటాను. వెన్నకు బదులు వనస్పతి వాడితే తేలికగా మడతపడుతుంది, ఖర్చూ తక్కువే. అయితే అందులోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. నూనెలు, కొవ్వులలో అది 2 శాతం మించరాదని 2022 జనవరి నుంచి దేశంలో నియమం అమలులోకి వచ్చింది. ఇంటికి నేను వెన్నే వాడతాను, తక్కువసార్లు తింటాను.

మిత్రులారా, ఈ డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది యజమాని దయతో ఇచ్చేది కాదు, చేసిన సర్వీసుకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి ఏటా మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవాలి కూడా. ఈసారి ఇంటికి వెళ్లాక, మన సర్వీసు సాగడానికి పొద్దున్నే క్యారియరు కట్టి ఇచ్చిన మనిషి సర్వీసు గురించి కూడా ఒకసారి ఆలోచించండి. పెన్షన్ కాగితాలకు జాయింటు ఫోటో దిగాం. కుటుంబ పెన్షన్‌కు పేరు రాశాం. బదిలీ మీద వెళ్లేటప్పుడు బీరువా తాళాల దగ్గర నుంచి ప్రతిదీ రాసి ఛార్జి అప్పగించాం. వంటింటి ఛార్జి మాత్రం మనలో ఎవరం తీసుకోలేదు. ఏ డబ్బాలో ఏముందో తెలియకుండా డెబ్బై ఏళ్లు దాటేశాం. ఆవిడ కసరగలిగిన స్థితిలో ఉండగానే ఆ ఛార్జి తీసుకోండి. పఫ్ కాకపోతే ఉప్మా నేర్చుకోండి. నేను మూడేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టాను.

సభ అయ్యాక వరండాలో టీ బల్ల దగ్గర రెండు పళ్లేల నిండా పైనాపిల్ పఫ్‌లు ఉన్నాయి. సగం సగం కోయించాను, షుగరు వారు భయపడనక్కరలేదు. మడతలు నావి. అంచుల మీద గీతలు కొంచెం వంకరగా కనిపిస్తాయి. అవి మూడవ వరుసలో, ఫ్యాను కింద కూర్చున్న మా ఆవిడ పెట్టినవి. బాగుంటే ఆ మాట నాతో కాక ఆవిడతో చెప్పండి.