సైకిలు మూలన పడితే చదువూ మూలన పడుతుంది



‘బడికొస్తా’ పథకంలో మన ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. బాగుచేసే కొట్టు మాత్రం మన ఊళ్లలో లేదు. పంక్చరైతే కూలి మానుకొని మండల కేంద్రం దాకా ఎవరు నడిపించుకుపోతారు? సైకిలు మూలన పడుతుంది, పిల్ల బడి మానేస్తుంది. అందుకే మేం పాన, పంపు, సొల్యూషన్ పట్టుకొని ఊరూరా తిరుగుతున్నాం.

ఇంటి దగ్గర మీరు చూసుకోవాల్సినవి మూడే. వారానికోసారి గాలి చూడండి. తడిసిన చైను తుడిచి, రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయండి. వంటనూనె వద్దు, జిగటకట్టి దుమ్ము పడుతుంది. బ్రేకు రబ్బర్లు అరిగితే మార్చేదాకా పిల్లను ఎక్కనివ్వకండి.

గ్రామ సంఘం సమావేశం రోజునే మేం వస్తాం. సైకిలుతో పాటు పిల్లనూ పంపండి. టైరులో ముల్లు తీయకుండా ప్యాచ్ వేస్తే మళ్లీ పంక్చరేనని చేసి చూపిస్తాం, తనచేతే వేయిస్తాం.