నది చేప, చెఱువు చేప
(సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఈ సభలో చేపల పులుసు పేరు విన్నంతనే ఇంటికి పోవ దలచువారును కలరు; చేప వాసన తగిలినంతనే కిటికీ తలుపులు మూయువారును కలరు. నేటి ప్రసంగ విషయము చేపల పెంపకమును గూర్చిన పరిశోధన యని తెలిసి రెండవ తెగవారు పెదవి విఱిచియుందురు. వారు భయపడనక్కఱ లేదు. వంట ప్రసక్తి ఇందులో రాదు. ఒక చేప గ్రుడ్లు పెట్టుటకు సమ్మతింపకపోవుట, దానిని సమ్మతింపజేయుటకు కొందఱు ఏండ్ల తరబడి శ్రమించుట, ఆ శ్రమ ఫలించిన పిదప క్రొత్త చిక్కులు తలయెత్తుట, ఇదియే కథ.

ఈ ఢిల్లీ నగరమున ఘాజీపూర్ మత్స్య విపణికి వేకువజామున పోయినచో మంచుగడ్డల నడుమ ఆంధ్రదేశపు శీలావతి చేప కనబడును. ఇచ్చటివారు దానిని రోహూ అందురు. మన బొచ్చె వీరికి కత్లా. మన ఎఱ్ఱమోసు వీరికి మృగాల్. కొల్లేటి ప్రాంతపు చెఱువులలో పెరిగిన యీ చేపలు లారీలలో మంచుపై పడుకొని బెంగాలునకును, అస్సామునకును గూడ పోవుచున్నవి. వంగదేశీయుని భోజనమునకు తెలుగువాడు చేపను పంపునని ఒకప్పుడు ఎవరైన చెప్పియుండినచో విన్నవారు నవ్వియుందురు. ఆ కాలమున చేపపిల్ల యనునది ప్రధానముగా గంగానదినుండి, కలకత్తా మీదుగా, ఇతర ప్రాంతములకు పోవలసి యుండెను.

చేపల విద్య మనకు క్రొత్తది కాదు. అశోకుని ఐదవ స్తంభశాసనమున కొన్ని పుణ్యదినములందు చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు ఆజ్ఞ కలదు. కల్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. అందు చేపల జాతులు, వాని కిడవలసిన మేత, గాలము వేయు విధము వర్ణింపబడినవి. భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు డైరెక్టరుగా నుండిన డాక్టరు సుందర్ లాల్ హోరా ఈ ప్రాచీన గ్రంథములను శ్రద్ధతో పరిశీలించి వ్యాసములు వ్రాసెను. చేపను పట్టుట, మేపుట మన పూర్వులకు బాగుగా తెలియును. చెఱువులో దానిచేత సంతానము కనిపించుట మాత్రము తెలియలేదు.

ఏమి ఆ చిక్కు? బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు నదీజాతులు. తొలకరి దాటి నదికి వఱద వచ్చి, నీరు గట్టు దాటి పల్లపు భూములపై పరచుకొన్నప్పుడు అవి యేటి యంచులకు చేరి గ్రుడ్లు విడుచును. క్రొత్తనీటి ప్రవాహము, ఆ నీటి చల్లదనము, ఆ వర్షధ్వని, వీనిలో ఏది వానికి సంకేతమో గాని, నిలువనీటి చెఱువులో ఆ సంకేతము వానికి అందదు. చెఱువులో చేప పెరుగును, కడుపు గ్రుడ్లతో నిండును, ఋతువు వచ్చును, ఋతువు పోవును, గ్రుడ్లు మాత్రము వెలికి రావు. తుదకు అవి లోలోపలనే కరగిపోవును. సచివాలయమున పనిచేయు ఈ సభాసదులకు దీనిని సులభముగా తెలుపవచ్చును. నోటు వ్రాయబడినది, ఆర్థికశాఖ సమ్మతించినది, ఉత్తరువు చిత్తుప్రతి గూడ సిద్ధమైనది. పై సంతకము మాత్రము పడలేదు. ఆ చేప గర్భము అట్టి ఫైలు.

కావున పెంపకము చేయువారు నదిని ఆశ్రయింపవలసి వచ్చెడిది. వర్షకాలమున గంగాతీరమున సన్నని వలలు కట్టి, కొట్టుకొనివచ్చు చేపపిల్లలను పట్టి, మట్టికుండలలో పోసి రైలెక్కించెడివారు. కుండలలోని నీటికి ప్రాణవాయువు తగ్గకుండుటకై కూడ పోవు మనుష్యులు దారి పొడవునను చేతితో నీటిని చిలుకుచునే యుండెడివారు. చేయి ఆగినచో పిల్ల చచ్చును. ఇంత శ్రమపడి తెచ్చిన పిల్లలలో ఏది బొచ్చెయో, ఏది ఇతర చేపలను మ్రింగు జాతియో వెండ్రుకవంటి ఆ వయస్సున పోల్చుకొనుట కష్టము. రైతు శీలావతి యని కొని పోసినది వాలుగ యై తక్కినవానిని తినివేసిన సందర్భములకు కొదువ లేదు.

సంతకము చేయు అధికారి యెవరో పరదేశములందు మొదట కనుగొనిరి. మెదడు క్రింద పీయూషగ్రంథి యను చిన్న గ్రంథి కలదు. దాని స్రావము రక్తమున కలసినప్పుడే గ్రుడ్లు పరిపక్వమై విడువబడును. 1930వ దశకమున అర్జెంటీనాలో హూసే యును, బ్రెజిల్ లో ఫాన్ ఈరింగును ఒక చేపనుండి ఈ గ్రంథిని తీసి మఱియొక చేపకు ఎక్కించి ఫలితములు చూచిరి. అదే దశకమున అవిభక్త భారతమున హమీద్ ఖాన్ క్షీరదముల గ్రంథితో ఎఱ్ఱమోసుపై యత్నించెను గాని అది పద్ధతిగా స్థిరపడలేదు.

1947 మార్చిలో కలకత్తాలో కేంద్ర ఆంతర మత్స్య పరిశోధనా కేంద్రము వెలసెను. 1949లో దాని చెఱువుల విభాగము కటకమున నెలకొల్పబడెను. ఇచ్చట పనిచేసిన వారిలో హీరాలాల్ చౌధురి యొకడు. ఇతడు 1921లో సిల్హెట్ ప్రాంతమున జన్మించెను. మొదట పెద్ద చేపల జోలికి పోక, 1955లో వ్రేలెడైన లేని ఎసోమస్ అను చిఱుచేపకు పీయూషసారము నెక్కించి గ్రుడ్లు పెట్టించెను. పిమ్మట మత్స్యశాస్త్రజ్ఞుడు డాక్టరు కె. హెచ్. అలీకున్హీతో కలసి పెద్ద కార్పుల మీద ప్రయోగములు సాగించెను. 1957 జూలై 10వ తేదీన ఒడిషాలోని అంగుల్ లో ఆ ప్రయోగము ఫలించెను. పెద్ద చేప నిలువనీటిలో, మనుష్యుడు కోరిన రాత్రి, గ్రుడ్లు పెట్టెను. ఈ విషయమును వారిద్దఱును అదే సంవత్సరము కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించిరి. ఆ తేదీ నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపబడుచున్నది.

ఈ ప్రక్రియలోని నిరాడంబరత మెచ్చదగినది. పరిపక్వమైన చేప తలనుండి ఆవగింజను బోలిన గ్రంథిని తీసి ఆల్కహాలులో నిలువచేయుదురు. అవసరమైనప్పుడు దానిని నూఱి, నీటిలో కలిపి, తేర్చిన సారమును తల్లిచేప తోకమొదట కండలోనికి సూదితో ఎక్కింతురు. మొదటి మోతాదు చేప బరువు కిలోగ్రామునకు రెండు మూడు మిల్లీగ్రాములు. సుమారు ఆఱు గంటలకు రెండవ మోతాదు, ఇది మొదటిదానికంటె హెచ్చు. మగచేపలకు అప్పుడు ఒక్కమాఱే చాలును. ఒక తల్లిని, రెండు మగచేపలను హాపా యను బట్టతొట్టిలో విడచి, ఆ తొట్టిని చెఱువు నీటిలో కట్టుదురు. కొన్ని గంటలలో నీరు కలత చెందును. ఉదయమునకు తొట్టి నిండ ముత్యములవంటి గ్రుడ్లుండును. పదునాలుగు మొదలు పదునెనిమిది గంటలలో అవి పిల్లలగును. ఒక కత్తి, ఒక చిన్న కల్వము, ఒక సిరంజి, నాలుగు గజముల బట్ట: కోట్లకొలది చేపపిల్లలకు తొలినాటి పెట్టుబడి ఇంతయే. ఉపకరణములు దిగుమతి కాలేదను నెపమున ఆగిపోవు పరిశోధనలు కలవు; ఇది వానిలో చేరదు.

పిమ్మటి చరిత్ర వేగముగా నడచెను. 1959లో చైనా జాతులైన వెండిచేపయు గడ్డిచేపయు తెప్పింపబడెను. 1962లో కటకముననే ఇవి గూడ ఇదే పద్ధతిని గ్రుడ్లు పెట్టెను. పై నీటిలో బొచ్చె, నడిమి నీటిలో శీలావతి, అడుగున ఎఱ్ఱమోసు మేయును గనుక ఒకదాని మేతకు మఱియొకటి పోటీ రాదు. ఈ సూత్రముపై ఆఱు జాతులను కలిపి పెంచు మిశ్రమ పెంపకమునకు 1971లో అఖిలభారత పథకము ఆరంభమయ్యెను. హెక్టారునకు మూడు టన్నులకు మించిన దిగుబడులు సాధ్యమని తేలెను. తదుపరి గ్రంథిసారమునకు బదులు కృత్రిమముగా చేసిన మందులు వచ్చెను. బట్టతొట్టికి బదులు నీరు గుండ్రముగా తిరుగు సిమెంటు తొట్లు వచ్చెను.

మన కృష్ణా గోదావరీ మండలముల రైతులు శాస్త్రజ్ఞులు చెప్పినది విని, తమకు తోచినది చేసిరి. ఆఱు జాతులను వదలి, సంతలో ధర పలుకు శీలావతినే ముఖ్యముగా నిలుపుకొని, కొంత బొచ్చెను చేర్చిరి. పిల్లలను ఒక యేడు ఇఱుకున నుంచి, ఎదుగుదల ఆపి, పిదప పెద్ద చెఱువులో విడచిరి. అట్టి చేప విడిచినంతనే త్వరగా బలియును. తవుడును రంధ్రములు గల సంచులలో పోసి వెదురుకఱ్ఱలకు కట్టి వ్రేలాడదీసిరి. చేపలు వచ్చి సంచిని పొడుచుకొని తినును, తవుడు నీటిపాలు కాదు. ఈ పద్ధతిని ఏ ప్రయోగశాలయు నేర్పలేదు. శాస్త్రజ్ఞులే తరువాత వచ్చి దీనిని కొలిచి వ్రాసికొనిరి.

అయినను చెఱువు గాదె వంటిది కాదు, పోసినంత నిలువయుండదు. పగటివేళ నీటిలోని పచ్చని వృక్షప్లవకములు ఎండను గ్రహించి ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియు, చేపలును, అడుగు బురదలోని సూక్ష్మజీవులును కలసి దానినే పీల్చును. తెల్లవాఱుటకు ముందు అది మిక్కిలి తగ్గును. ఎరువు హెచ్చై, నీరు మఱీ పచ్చనై, రెండు మూడు దినములు మబ్బు పట్టినచో వేకువన చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. ఆ దృశ్యము చూచిన రైతు గుండె జల్లుమనును. ఒక్క గంటలో ఏడాది శ్రమ వెల్లకిల తేలవచ్చును. ఇందులకే నలుపు తెలుపు పూసిన బిళ్లను నీటిలో దింపి, అది ఎంత లోతున కంటికి మఱుగగునో చూచి, నీటి పచ్చదనమును శాస్త్రజ్ఞులు కొలుతురు. రైతు మోచేతివఱకు చేయి ముంచి అఱచేయి కనబడునో లేదో చూచుకొనును. రెండింటి ఫలితమును ఇంచుమించు ఒక్కటే.

చెఱువుకు వెలుపలి సంగతి ఇంకను గడ్డు. కొల్లేఱు కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లము. బుడమేఱు, తమ్మిలేఱు మొదలగువాని వఱదను తాను పట్టుకొని, ఉప్పుటేటి ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచుట దాని స్వభావము. 1970వ దశకమున ప్రభుత్వమే సహకార సంఘములకు అందు చేపల చెఱువులు త్రవ్వించి యిచ్చెను. పిమ్మట ధనవంతులు వచ్చిరి, గట్లు పెరిగెను, సరస్సు గళ్లుగళ్లుగా చీలెను, నీటికి దారి తగ్గెను, గుఱ్ఱపుడెక్క అల్లుకొనెను. 1999లో ఐదవ కాంటూరు వఱకు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో చెఱువుల గట్లు తెగగొట్టబడెను. గూడబాతులకు మేలే జరిగినది. గట్టు తెగిననాడు కౌలుకు తీసికొన్న ధనికుడు వేఱొకచోట చెఱువు చూచుకొనెను; వలయే జీవనమైన పేదవాని కట్టి సౌకర్యము లేదు. ఇచ్చినదియు ప్రభుత్వమే, తెగగొట్టినదియు ప్రభుత్వమే యగుటచే ఈ విషయము ఉద్యోగులు తఱచి చూడదగినది.

పరదేశపు చేప సంగతి మఱియొకటి. 1971లో వఱదలకు హిమాచలప్రదేశమున ఒక చేపల క్షేత్రమునుండి వెండిచేపలు తప్పించుకొని భాక్రా ఆనకట్ట వెనుకనున్న గోవిందసాగరమున పడెను. ఎవరును విడువలేదు, ఎవరును ఉత్తరువు ఈయలేదు. అచట అవి తమంతట తామే సంతానవృద్ధి చేసికొని, ప్లవకములను తినుటలో తమకు పోటీయైన బొచ్చెను అడుగంటజేసెను. మొత్తము దిగుబడి పెరిగినది గనుక కొందఱు దీనిని లాభమనిరి. టన్నులను మాత్రమే లెక్కించువారికి అది లాభమే.

తుదకు పరిశోధన ఏ నదిని విడచి చెఱువునకు వచ్చెనో ఆ నదికే మఱల పోవలసి వచ్చెను. అంగుల్ విజయము తరువాత చేపపిల్లల కేంద్రములు ఊరూర వెలసి, కొలది తల్లిచేపలనుండియే తరతరములుగా పిల్లలను తీయుటచే రక్తము పలుచబడి, ఎదుగుదల మందగించెను. అప్పుడు భువనేశ్వరమునకు చెంతనున్న కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్యకృషి సంస్థ, నార్వే శాస్త్రజ్ఞుల సహకారముతో, 1992లో శీలావతి సంస్కరణకు పూనుకొనెను. అందుకు కావలసిన చేపలను గంగ, గోమతి, యమున, శతద్రువు, బ్రహ్మపుత్ర అను ఐదు నదులనుండి తెచ్చి, స్థానిక చేపలతో కలిపి, మేలైన వానిని తరమునకు తరము ఏఱి సంకరము చేసిరి. ఎదుగుదల సగటున తరమునకు 17 శాతము హెచ్చెను. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమైన 1997లో వెలువడిన ఈ చేపకు జయంతి రోహూ యని పేరిడిరి. నేడు అది తెలుగు చెఱువులలోను పెరుగుచున్నది.

ఆ ఐదింటిలో యమున ఈ సభాభవనమునకు దూరమున లేదు. వజీరాబాదు ఆనకట్ట దిగువన నగరపు మురుగునీరు కలిసిన పిదప, సంవత్సరమున చాల కాలము ఆ నీటిలో ప్రాణవాయువు లేనే లేదని కొలతలు చెప్పుచున్నవి. గంగలోనైతే 1975లో ఫరక్కా ఆనకట్ట పని ప్రారంభించిన పిదప సముద్రమునుండి ఎగువకు ఎదురీదు ఇలీష, అనగా మన గోదావరి పులస, ఎగువ పట్టణములకు అరుదయ్యెను. గంగలోనే పట్టిన తల్లిచేపలకు చౌధురి పద్ధతిని సూదిమందిచ్చి, పుట్టిన పిల్లలను మఱల గంగలోనే విడుచు కార్యక్రమము ఇప్పుడు బారక్పూరు సంస్థవారు నడుపుచున్నారు. ఒకప్పుడు నది చెఱువునకు పిల్లల నిచ్చెడిది. నేడు తొట్టిలోని పిల్లలు నదికి పోవుచున్నవి. ఢిల్లీ దిగువ యమునలో అట్టి పిల్లలను విడువ దలచినచో ముందు కావలసినది సూదిమందు కాదు, మురుగు కాలువలకు శుద్ధి యంత్రములు. ఆ ఫైలు పెక్కు శాఖల బల్లలమీదుగా పోవలసినది.