చదివి వినిపించగా విని...
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డిసెంబరు 17 అనగానే 1982 నాటి నకారా కేసు తీర్పును తలుచుకుంటాం. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక పరీక్ష సంగతి మనవి చేసుకుంటాను.

ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా చేశాను. మీలో చాలామందికిలాగే నాకూ ఒక వాక్యం కంఠతా వచ్చు: "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేయడమైనది." ఎన్ని వందల కాగితాల మీద రాశానో! నిజంగా చదివి వినిపించినవి ఎన్ని అంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది. జనం ఎక్కువగా ఉంటే స్టాంపు ప్యాడు ముందుకు తోసేవాణ్ణి.

మా వీధిలో ఒకావిడ ఉంది. పుట్టిల్లు కైకలూరు అవతల ఒక కొల్లేటి లంక గ్రామం. భర్త అటెండరుగా పనిచేస్తూ పోయారు. ఆవిడకు అరవై దాటాయి. నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది. ఏటా ఇచ్చే జీవన ధ్రువీకరణ పత్రం నేనే పూర్తిచేసి పెట్టేవాణ్ణి. ఒకనాడు పాసుపుస్తకం తెచ్చి, నెలనెలా డబ్బు ఎందుకు తగ్గుతోందని అడిగింది. ఆరా తీస్తే, బంధువొకరు చేసిన అప్పుకు ఆమె హామీదారు! ఊరికే సాక్షి వేలిముద్ర అని చెప్పి వేయించుకున్నారట. కాగితం కింద మన వాక్యమే ఉంది. చేతిరాత నాది కాదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చదువు చెప్పమని ఆమె అడగలేదు, నేర్చుకోమ్మా అని నేనే అడిగాను. 2022లో మొదలై, ఉల్లాస్ అనే పేరుతో నడుస్తున్న కేంద్ర పథకంలో, పదిహేనేళ్ళు దాటిన నిరక్షరాస్యులకు ఒక పరీక్ష ఉంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు. మూడు గంటలు. ఒక్కొక్క దానిలో నూటికి 33 చొప్పున రావాలి. దానికి కూర్చుందువుగాని అన్నాను.

పలక కొని అ, ఆలు దిద్దించాను. పదిహేను రోజులకు రావడం మానేసింది. తప్పు నాదే. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు వాచకాల కట్టలు లెక్కపెట్టి రసీదులు తీసుకున్నవాణ్ణి నేను. ఒక్కటీ విప్పి చూడలేదు. చూసి ఉంటే, పెద్దవాళ్ళకు ముందు తెలిసిన మాట, ఆ తరవాతే అక్షరమని తెలిసేది.

ఈసారి బస్సు బోర్డులతో మొదలుపెట్టాం. సాయంత్రాలు ఏలూరు బస్టాండులో బెంచీ మీదే బడి. కైకలూరు, ఆకివీడు, భీమవరం తేలిగ్గానే వచ్చేశాయి. తాడేపల్లిగూడెం దగ్గర, లకు లవత్తు కింద, వారం రోజులు ఆగిపోయాం. ఆమె కూతురు ఉండేది ఆ ఊళ్ళోనే. ఒక ఆదివారం అక్కణ్ణుంచి ఫోను: "బాబాయిగారూ, ఎవర్నీ అడగలేదు. బోర్డు చూసే ఎక్కాను."

లెక్కల్లో నేనే శిష్యుణ్ణి. చిన్నప్పటినుంచి చేపలు అమ్మిన మనిషి. నూట అరవై అయిదు రూపాయల కొరమీనుకు అయిదొందల నోటిస్తే చిల్లరెంత అని నేను కాగితం మీద వేసేలోపే, "ముప్పై అయిదు వేస్తే రెండొందలు, పైన మూడొందలు, మూడొందల ముప్పై అయిదు" అనేది. కాగితం మీద మాత్రం తీసివేత నడిచేది కాదు. సున్నా వచ్చినచోట పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలమ్మా అంటే, "అప్పు మాట ఎత్తకండి బాబాయిగారూ, ఒకసారి అయింది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పరీక్ష రాసింది. చదవడంలో 38, లెక్కల్లో 31, రాయడంలో 11. తప్పింది.

ఆ పదకొండు మార్కులూ నా నిర్వాకమే. ఆమె కలం ఆగినప్పుడల్లా "ఇలా ఇవ్వమ్మా" అని పుచ్చుకుని నేనే పూర్తిచేసేవాణ్ణి. గుమాస్తా చెయ్యి ఊరుకోదు. 1988లో వచ్చిన జాతీయ సాక్షరతా మిషన్ ప్రమాణాల ప్రకారం నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, చూసి 7 మాటలు, చెబుతుంటే 5 మాటలు రాయాలి. ఆ అంకెలు స్టెన్సిలు మీద టైపు కొట్టి మండలాలకు పంపిన నేనే వాటిని మరిచిపోయాను. ఇప్పుడు రోజూ గడియారం దగ్గర పెట్టుకుని చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నిమిషానికి మూడు దాకా వచ్చాం. నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కూర్చుంటున్నాను.

పరీక్ష మళ్ళీ రాయవచ్చు. ఆపైన జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ వారి మెట్లు మూడున్నాయి. అవి మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. ఆ సంగతి చెబితే, "ఎనిమిది దాకానా! మా ఆయన ఏడే చదివాడు" అంది.

ఈ ఏడు ధ్రువీకరణ పత్రం అలవాటుకొద్దీ నేనే నింపి సంతకానికి ఇచ్చాను. పెట్టలేదు. పాసుపుస్తకం పక్కన పెట్టుకుని వేలితో ఒక్కొక్క అంకే చూసుకుంటూ పోయింది. "బాబాయిగారూ, ఇక్కడ ఆరు ముందా, తొమ్మిది ముందా?" ఖాతా నంబరులో రెండంకెలు తారుమారు చేశాను. కొట్టేసి దిద్ది, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం చెయ్యమన్నాను. పొట్టిది రాదు, మొత్తమే పెడతానంది. అయిదు నిమిషాలు పట్టింది.