యంత్రం ఎవరి పేరున?

(హిందూపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోషియాలజీ చదివిన మనిషి కొయ్య చెక్కే యంత్రం గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కొన్ని నెలలుగా మా ఇంట్లోనే, బల్ల మీద పట్టేంత చిన్న కంప్యూటర్ యంత్రంతో చెక్కపని నేర్చుకుంటున్నాను.

ఉలిపని తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య. ఆడవాళ్ల చేతికి ఉలి రాలేదు, ఉప్పుకాగితం వచ్చింది. చాలా ఇళ్లలో చెక్కినదాన్ని రుద్ది నునుపు చేసేది వాళ్లే. దానికి కూలీ లేదు, పేరూ లేదు. కొయ్యపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఆ పొడి ఎక్కువగా ఎవరి ముక్కులోకి పోతుందో ఆలోచించండి.

ఈ యంత్రంలో తిరిగే బిట్టు ఉంటుంది. అది కుడిఎడమలకు, ముందువెనకలకు, పైకీ కిందికీ కదులుతుంది. మనం గీసిన బొమ్మ దానికి అంకెల ఆజ్ఞలుగా అందుతుంది. జి0 అంటే కోయకుండా గబగబా జరుగు, జి1 అంటే కోస్తూ జరుగు, ఎం5 అంటే తిరగటం ఆపు. ధర్మవరం మగ్గాల మీద జాకార్డు చూసినవాళ్లకు ఇది మరీ కొత్త కాదు. అట్టలో బెజ్జం ఉన్నచోట పడుగుదారం లేస్తుంది, లేనిచోట లేవదు. 1804 నాటి ఆ ఫ్రెంచి ఉపాయం మన కంప్యూటర్‌కు ముత్తవ్వ. కానీ ఆ మగ్గం పక్కన కండెలు చుట్టి, అచ్చు అతికే మనిషిని ఎవరూ నేతగత్తె అనరు. ఆయన నేస్తాడు, ఆమె 'సాయం చేస్తుంది'.

కష్టమంతా కంప్యూటర్‌లో లేదు. చెక్కను కదలకుండా బిగించాలి. బిట్టు మొన చెక్కను తాకేచోటు సున్నా అని యంత్రానికి చూపాలి, లోతంతా అక్కణ్ణుంచే లెక్క. నేను మధ్యలో పల్చటి కాగితం పెట్టి, అది పట్టుకునేదాకా మెల్లగా దించుతాను. టేకుకు ఒక వేగం, వేపకు ఒక వేగం. నారకు అడ్డంగా పోతే పీచు లేస్తుంది, అప్పుడు మోత మారుతుంది. పిండిమర దగ్గర పెరిగిన చెవికి అది ఇట్టే తెలుస్తుంది. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. కొంగూ జడా బిగించుకోవాలి. బలం కన్నా అవసరమైనది తెగని రెండు మూడు గంటల తీరిక. మనకు లేనిదీ అదే.

ఇక డబ్బు సంగతి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో వడ్రంగంతో సహా 18 వృత్తులు చేర్చారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత 2 లక్షల అప్పు. అయితే లబ్ధి కుటుంబంలో ఒక్కరికే అని నిబంధన పెట్టారు. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. బొమ్మ గీసి, సున్నా చూసి, యంత్రానికి కాపలా కూర్చునేది భార్యే అయినా కాగితం మీద వడ్రంగి ఎవరవుతారు? పైగా 'చేతులతో, పనిముట్లతో పనిచేసేవారు' అన్న నిర్వచనంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఇముడుతుందా అని ఎవరైనా అడగవచ్చు. మనమే ముందుగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

పొదుపు సంఘం యంత్రం కొనేటట్టయితే రశీదు సంఘం పేరునే రాయించండి. ఏ ఒక్కరి ఇంట్లోనో కాక సంఘం గదిలో పెట్టండి. నేర్పే రోజుల్లో పసిపిల్లల్ని చూసే మనిషి జీతం కూడా ఆ ఖర్చులోనే వేయండి.