పఠన బృందానికి సైన్సు పుస్తకాలు ఎలా ఎంచుకుంటున్నాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ తరఫున ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత నడుస్తున్న పిల్లల పఠన బృందం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు వస్తారు. వీళ్లకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో. పాఠ్యపుస్తకం కాని సైన్సు పుస్తకాలు వీళ్లచేత చదివించడం మా పని. ఏ పుస్తకం కొనాలో ఎలా తేల్చుకుంటున్నామో చెబితే, మీ డబ్బు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.

దాతలు ప్రేమగా ఇచ్చే పుస్తకాల్లో స్టీఫెన్ హాకింగ్ 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' తప్పకుండా ఉంటుంది. 1988లో వచ్చింది. ఒక్కో సమీకరణానికి పాఠకులు సగానికి సగం తగ్గుతారని ఎవరో హెచ్చరిస్తే, ఆయన ఐన్‌స్టీన్ సమీకరణం ఒక్కటే ఉంచారట. సమీకరణాలు తీసేసినా విషయం బరువు తగ్గదు కదా! డిగ్రీ పిల్లల కోసం దాన్ని బీరువాలో భద్రంగా ఉంచాం. తొమ్మిదో తరగతి అమ్మాయి చేతిలో అదే మొదటి పుస్తకంగా పెడితే మాత్రం, సైన్సు తనకు అందేది కాదనుకుని ఆమె మళ్లీ రాదు. పదో తరగతి తరువాత చదువు ఆగిపోయే ఆడపిల్లలు మన మొహల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఆదివారం పూట ఈ గంటన్నరే మిగులుతుంది. అందుకే ఎంపిక విషయంలో ఇంత పట్టుబడుతున్నాం.

కొనే ముందు ఒక అధ్యాయం పిల్లల మధ్య బిగ్గరగా చదువుతాం. ఆపగానే ప్రశ్నలు వచ్చాయా, ఇంట్లో చేసి చూడదగింది ఏమైనా అందులో దొరికిందా అన్నదే చూస్తాం.

ఫారడే కొవ్వొత్తి ఉపన్యాసాలు ఇందులో సులువుగా నెగ్గాయి. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఇచ్చినవి, 1861లో పుస్తకంగా వచ్చాయి. వెలుగుతున్న కొవ్వొత్తిని ఊది ఆర్పి, పైకి లేస్తున్న తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపితే మంట పొగ వెంబడి దిగి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. కాలుతున్నది గట్టి మైనం కాదు, దాని ఆవిరి అని పిల్లలకు అక్కడే అర్థమవుతుంది. (పెద్దవాళ్లు దగ్గరుండాలని మరీ మరీ చెప్పాం.) ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకాల బైండింగు దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివాడు. రసాయనశాస్త్రం మీద ఆయనకు మనసు కలిగించిన పుస్తకం జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసింది. ఒక పంతులమ్మ ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. ఈ సంగతి విన్నప్పుడు మా ఆడపిల్లల ముఖాలు మీరు చూడవలసింది.

తెలుగులో మహీధర నళినీమోహన్ గారి 'కేలండర్ కథ' పట్టుకున్నాక మాకు చాలా వారాలు గడిచిపోయాయి. రంజాను ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి చలికాలంలో ఎందుకొస్తుందని ఒక పిల్లవాడు అడిగాడు. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులు. ఎండకాలం, వానకాలం నడిచే సూర్య సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. అధికమాసం కలపరు కాబట్టి ఏటా ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్లకు తిరిగి అదే చోటికి వస్తుంది. 1991లో మార్చిలో మొదలైన రంజాను 2024లో మళ్లీ మార్చిలోనే మొదలైంది. పక్కింటివాళ్ల ఉగాది మాత్రం అధికమాసం వల్ల మార్చి, ఏప్రిల్ నెలలు దాటిపోదు. ఆ వెంటనే, సౌదీలో మనకన్నా ముందురోజు చంద్రుడు ఎలా కనిపిస్తాడన్న ప్రశ్న వచ్చింది. పడమట సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు, ఆలోగా నెలవంక సూర్యుడికి ఇంకాస్త దూరం జరుగుతుంది. గ్లోబు, టార్చిలైటు పెట్టుకుని పిల్లలే రాబట్టారు.

ఒక రకం పుస్తకాలను పక్కన పెడుతున్నాం. దాతలు నొచ్చుకోవద్దు. సైన్సు కనిపెట్టినవన్నీ మా పూర్వులకు ముందే తెలుసని చెప్పే పుస్తకాలవి. అన్ని మతాల పేరుతోనూ వస్తున్నాయి, మన పేరుతోనూ వస్తున్నాయి. ఇబ్నుల్ హైసమ్ గురించి పిల్లలకు తప్పక చెప్పాలి. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఆయన, కంటి నుంచి కిరణాలు బయటికి వెళ్లడం వల్ల కాదు, వస్తువుల నుంచి వెలుగు కంట్లోకి రావడం వల్ల చూస్తున్నామని వెయ్యేళ్ల కిందట 'కితాబ్ అల్ మనాజిర్'లో వాదించారు. ఆయన పేరు చెప్పి మురిసిపోయి ఊరుకునే పుస్తకం మాకు అక్కర్లేదు, ఆయన దాన్ని ఎలా పరీక్షించి చూశారో చెప్పేది కావాలి. చెప్పుల డబ్బాకు సూదితో బెజ్జం పెట్టి, ఎదురుగా బటర్ పేపరు అతికించి, తలకిందులైన వేపచెట్టును చూసిన పిల్లలు ఆయన్ని మరిచిపోరు.

జీవపరిణామం పుస్తకం మీద కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారిని బృందానికి పిలిచి, వారి ఎదుటే చదివాం. నీట్ రాయబోయే పిల్ల ఆ అధ్యాయాన్ని ఎలాగూ దాటవేయలేదు. పుస్తకం ఏమంటోంది, ఏ ఆధారంతో అంటోంది అన్నంతవరకే మా బాధ్యత. విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న వస్తే ఇంట్లో, ఇమాం సాబ్ దగ్గర అడగమంటాం. ఆ పెద్దల్లో ఒకరు ఇప్పుడు కూడా వస్తూనే ఉన్నారు, పిల్లలకన్నా ఎక్కువ ప్రశ్నలు ఆయనే వేస్తారు.

అచ్చయిన సంవత్సరం కూడా చూడండి. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తీశారు. తొమ్మిది గ్రహాల పుస్తకాలు ఇంకా సంచుల్లో వస్తున్నాయి. అనువాదాల విషయంలో ఒక పేజీ పైకి చదివితే చాలు, నాలుక తట్టుకుంటే వద్దు. తెలుగులోనే ఆలోచించి రాసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, వేమూరి వేంకటేశ్వరరావు గార్ల రచనలు పిల్లలు ఆగకుండా చదువుతున్నారు. పక్షులంటే ఇష్టపడే ఇద్దరు ముగ్గురికి సలీం అలీ ఆత్మకథ ఇచ్చాం. 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షులను లెక్కకట్టిన మనిషి ఆయన. వాళ్లిప్పుడు చెరువు గట్టు మీద నోటుపుస్తకంతో కనిపిస్తున్నారు.

ఇక మనవి. ఇరవై రకాల పుస్తకాలు ఒక్కొక్కటి ఇవ్వడం కన్నా, ఒకే పుస్తకం ఎనిమిది ప్రతులు ఇప్పించండి. అందరి చేతిలో ఒకే పేజీ ఉంటేనే వాదన నడుస్తుంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్తే చిరుగుతుంది, నూనె మరకలు పడతాయి. అలాంటివి తిరిగొస్తే మేము సంతోషంగానే తీసుకుంటున్నాం, అట్టలు వేయించడానికి కొద్దిగా డబ్బు కావాలి. ఈ ఏడాది మొదట కొనదలచినవి కొవ్వొత్తి ఉపన్యాసాలు, కేలండర్ కథ. జాబితా బయట బల్ల మీద ఉంది. ఎవరు ఏది ఇప్పిస్తారో ఎదురుగా పేరు రాసి వెళ్లండి. ఆదివారం వీలున్నవారు వచ్చి కూర్చోండి, పిల్లలు మిమ్మల్ని కూడా ప్రశ్నలడుగుతారు.