తీసేసిన టాన్సిల్స్ మళ్ళీ పెరుగుతాయా?



ఈ రోజు మనం టాన్సిల్స్ గురించి మాట్లాడుకుందాం. వార్డులో తరచుగా వినే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరుగారూ, టాన్సిల్స్ తీయించేశాం గదండీ, పిల్లాడికి మళ్ళీ గొంతు నొప్పి వచ్చింది. మళ్ళీ పెరిగిపోయాయంటారా?" కొందరు "ఎలాగూ మళ్ళీ పెరుగుతాయట" అని అవసరమైన ఆపరేషన్ కూడా వాయిదా వేస్తారు. ఇంకొందరు "తీసేశారు కాబట్టి ఇక గొంతుకు ఏ జబ్బూ రాదు" అనుకుని, వాడవలసిన మందులు మానేస్తారు. ఈ రెండూ సరికాదు. రెండవది మరీ ప్రమాదం. ఎందుకో చెబుతాను.

టాన్సిల్స్ అంటే ఏమిటి?

పిల్లవాడి చేత నోరు తెరిపించి వెలుతురులో చూడండి. కొండనాలుకకు ఇరువైపులా బాదం గింజల్లాంటి రెండు కండలు కనిపిస్తాయి. అవే టాన్సిల్స్. నోటిగుండా, ముక్కుగుండా లోపలికి వచ్చే క్రిములను గుర్తుపట్టి ఎదుర్కోవడంలో ఇవి శరీరానికి సాయం చేస్తాయి. అయితే ఈ పని చేసేవి ఇవి రెండే కాదు. ముక్కు వెనుక ఎడినాయిడ్స్ ఉంటాయి. నాలుక మొదట్లో కూడా ఇలాంటి కండే ఉంటుంది. ఇవన్నీ కలిసి గొంతు చుట్టూ ఒక వలయంలా ఉంటాయని జర్మనీ శాస్త్రవేత్త వాల్డయర్ 1884లో వర్ణించారు. టాన్సిల్స్ రెండూ తీసినా వలయంలోని మిగతా భాగాలు అలాగే ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మళ్ళీ పెరుగుతాయా?

పూర్తిగా తీస్తే సాధారణంగా పెరగవు. కొంచెం మిగిలితే, ఆ మిగిలిన ముక్క పెరగవచ్చు. ఇదే సూటి జవాబు.

మన గోదావరి జిల్లాల వారికి అరటి తోట గురించి చెప్పనక్కరలేదు. గెల కోశాక చెట్టును నేలమట్టంగా నరికినా, దుంప మట్టిలో ఉంటే పిలక వస్తుంది. దుంపతో సహా తవ్వి తీస్తే రాదు. టాన్సిల్‌కు కూడా గొంతు కండరం వైపున పలుచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొరతో సహా తీస్తే దుంపతో తీసినట్టే. అలా తీసినప్పుడు కూడా నాలుక మొదటి వైపు చిన్న ముక్క మిగిలి పెరగడం ఉంది గాని, అది అరుదు.

మరి "తీసినా మళ్ళీ వస్తాయి" అనే మాట ఎక్కడిది? 1828లో ఫిలిప్ ఫిజిక్ అనే అమెరికా సర్జన్ టాన్సిల్స్ కోసే ఒక పరికరాన్ని పరిచయం చేశారు. అలాంటి పరికరాలు పైకి ఉబికిన భాగాన్ని కోసేవి, అడుగుభాగం తరచుగా మిగిలిపోయేది. పొరతో సహా తీసే పద్ధతి 20వ శతాబ్దం మొదట్లో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పాత పద్ధతికి ఈ మాట చాలావరకు సరిపోతుంది.

ఈ రోజుల్లో గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటి బాధలున్న కొందరు పిల్లలకు డాక్టర్లు కావాలనే పొరను, దాని మీద పలుచగా కొంత కండను ఉంచి మిగతాది తీస్తారు. దీనివల్ల నొప్పి, రక్తస్రావం తగ్గుతాయి. కాని ఉంచిన కండ కొద్దిమంది పిల్లల్లో మళ్ళీ పెరుగుతుంది. ఇది డాక్టరుగారి పొరపాటు కాదు. కాబట్టి ఇంటికి వెళ్ళేముందు "పూర్తిగా తీశారా, కొంత ఉంచారా?" అని అడగండి. డిశ్చార్జి కాగితం పారెయ్యకుండా దాచుకోండి.

ఎడినాయిడ్స్ సంగతి వేరు. వాటికి ఇలాంటి పొర లేదు. అందువల్ల తీసినా కొంత మిగిలి తిరిగి పెరగడం టాన్సిల్స్ కంటే ఎక్కువ, ముఖ్యంగా బాగా చిన్న వయసులో చేయిస్తే. పిల్లవాడు మళ్ళీ నోటితో ఊపిరి తీస్తున్నా, గురక పెడుతున్నా, పిలిస్తే సరిగా వినిపించుకోకపోయినా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

పెరిగినట్టు అనిపించేవి

ఆపరేషన్ చేసిన చోట మర్నాటి నుంచి తెల్లటి లేదా పసుపుపచ్చని పొర కడుతుంది. చాలామంది దీన్ని చూసి చీము అని, టాన్సిల్ మళ్ళీ వస్తోందని కంగారు పడతారు. అది గాయం మానేటప్పుడు కట్టే పొర. సుమారు రెండు వారాల్లో పోతుంది. నోటి వాసన, చెవి పోటు కూడా ఆ రోజుల్లో మామూలే. వేలితోగాని, గుడ్డతోగాని ఆ పొరను గీకకండి. పసరు మందులు పుయ్యకండి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

కొన్ని నెలల తరువాత జలుబుతో గొంతు నొప్పి వస్తే అదీ టాన్సిల్ పెరిగినట్టు కాదు. గొంతు లోపలి చర్మానికి, వలయంలోని మిగతా భాగాలకు కూడా వాపు వస్తుంది. ఆపరేషన్ వల్ల గొంతు నొప్పులు తగ్గుతాయి గాని, బొత్తిగా రాకుండా పోవు.

తక్షణం రావలసినది ఎప్పుడు?

రక్తస్రావం మొదటి 24 గంటల్లో రావచ్చు. లేదా 5 నుంచి 10 రోజుల మధ్య, ఆ తెల్లపొర ఊడేటప్పుడు రావచ్చు. ఎర్రటి రక్తం ఉమ్మినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నా ఆలస్యం చెయ్యవద్దు. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి కొంచెం ముందుకు వంచండి. రక్తం మింగకుండా ఉమ్మించండి. తినడానికి ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి. ఆగిపోయినట్టు కనిపించినా రావాలి.

లంక గ్రామాల వారికి ఒక మనవి. వరదల రోజుల్లో రాత్రిపూట పడవ దొరకదు. వీలైతే మొదటి పది రోజులు ధవళేశ్వరంలోనో, రాజమహేంద్రవరంలోనో బంధువుల ఇంట ఉండండి.

నీళ్ళు బాగా తాగించండి. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది. మెత్తటి పెరుగన్నం, చల్లారిన జావ, ఇడ్లీ పెట్టవచ్చు. జంతికలు, అప్పడాలు, ఆవకాయ కొన్నాళ్ళు వద్దు. నొప్పికి డాక్టరు రాసిన మందే వెయ్యండి. యాస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇంజెక్షన్లు మానకండి

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదం సంగతి. కొందరు పిల్లలకు గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల కొన్ని వారాల తరువాత జ్వరం, కీళ్ళ వాపులు వస్తాయి. దీన్ని కీళ్ళవాత జ్వరం అంటారు. ఇది గుండె కవాటాలను పాడుచేస్తుంది. మళ్ళీ మళ్ళీ వస్తే కవాటం ఇంకా దెబ్బతింటుంది. అందుకే వారికి సాధారణంగా 21 రోజులకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇది కనీసం 5 ఏళ్ళు సాగుతుంది, కవాటం దెబ్బతిని ఉంటే ఇంకా ఎక్కువ కాలం.

టాన్సిల్స్ తీయించాం కదా అని ఈ ఇంజెక్షన్లు ఆపకూడదు. టాన్సిల్స్ లేని గొంతులో కూడా ఆ క్రిమి చేరుతుంది. పిల్లవాడు ఆడుతూ పాడుతూ ఉన్నాడనో, సూది అంటే ఏడుస్తున్నాడనో మానిపించకండి. ఎప్పుడు ఆపాలో డాక్టరుగారు చెప్పాలి, మనం కాదు.

పెద్దవారికి ఒక మాట

పెద్దవయసు వారికి గొంతులో ఒక్క వైపే వాపు వచ్చి తగ్గకపోతే "చిన్నప్పుడు తీసిన టాన్సిల్ మళ్ళీ పెరిగింది" అని సరిపెట్టుకోవద్దు. ముఖ్యంగా చుట్ట, బీడీ, గుట్కా, మద్యం అలవాటున్నవారు త్వరగా చూపించుకోవాలి. మింగడం కష్టమైనా, మెడలో గడ్డ కనిపించినా, మూడు వారాలకు మించి నొప్పి ఉన్నా అది కాన్సరేమో పరీక్ష చేయించాలి. మొదట్లో కనిపెడితే నయం చేసే అవకాశం ఎక్కువ. రాజమహేంద్రవరం ప్రభుత్వ బోధనాసుపత్రిలోను, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలోను గొంతు డాక్టర్లు ఉన్నారు.

కాబట్టి ఇంట్లో ఎవరైనా "మళ్ళీ పెరిగాయి" అంటే బెంగపడకండి, తీసిపారెయ్యకండి. డిశ్చార్జి కాగితం పట్టుకుని రండి. నోరు తెరిచి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మీకున్న సందేహాలు సిగ్గుపడకుండా మమ్మల్ని అడగండి.