బొంగరముల గిరి, గ్రంథాలయ ధర్మము



రజతోత్సవ సభలలో పుస్తకములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. కాని రేపటి పాఠకులైన పసివారు నేడు వీధిలో ఏమి చేయుచున్నారో విచారించుటయు ఈ సభకు తగిన పనియే. కొందఱి చేత కొయ్యబొంగరము, కొందఱి చేత అంగడిలో కొన్న ప్లాస్టిక్కు బొంగరము. రెండింటికిని ప్రాణము పోటీయే. ఆ పోటీలో పిల్లలు నేర్చునదేమి, అందులకు పెద్దలు చేయవలసినదేమి అనునదియే ఈ ప్రసంగ విషయము.

కొయ్యబొంగరము నిర్మాణము మిక్కిలి సులభము. గట్టి కొయ్యను పైన లావుగను, క్రింద సన్నముగను చెక్కి, నునుపుచేసి, కొనకు ఇనుప మేకు దిగగొట్టుదురు. నూలుత్రాటిని మేకు మొదలుకొని పైకి బిగువుగా చుట్టి, రెండవ కొనను వ్రేళ్లకు తగిలించుకొని, విసరి చటుక్కున లాగుదురు. వాడరేవు వంటి మత్స్యకార గ్రామమున, వలలు అల్లెడి యింటి పిల్లవానికి త్రాటికొనను ముడివేయుట ఎవ్వరును నేర్పనక్కఱలేదు. స్థలము నెన్నుకొనుటయే కష్టము. సముద్రపు టొడ్డున పొడి యిసుకలో మేకు దిగబడి బొంగరము నిలువదు. లోపలి గ్రామములలో పత్తి, మిరప పండెడి నల్లరేగడి వేసవిలో బీటలు వారును. అచ్చటను ఆట సాగదు. జనము నడచి నడచి గట్టిపడిన వీధి, గుడి ముంగిలి, బడి ఆవరణము, ఇవియే బొంగరమునకు యోగ్యస్థలములు.

ఊరూరికిని నియమములలో భేదమున్నను ఆట స్వరూప మొక్కటియే. నేలపై గుండ్రముగా గిరి గీయుదురు. అందఱును బొంగరములు వేసి, తిరుగుచుండగనే త్రాటితో పైకెత్తి పట్టుకొందురు. అందఱికన్న వెనుకబడినవాని బొంగరము గిరిలో పెట్టబడును. తక్కినవారు తమ బొంగరములతో దానిని కొట్టి గిరి దాటింప జూతురు. కొట్టినవాని బొంగరము తిరుగక చతికిలబడినచో అదియు గిరిలోనికి పోవును. మేకుపోట్లు తిని కొయ్య చీలిపోవుటయు కలదు.

ఈ యాటకు న్యాయాధిపతి లేడు. గీత దాటినదా, దాటలేదా యను తగవును పిల్లలే తీర్చుకొనవలెను. తగవు తీరనిచో ఆట నిలిచిపోవును. అది యెవ్వరికిని సమ్మతము కాదు. అందుచే చిన్నవాడును తనకు ఇష్టము లేని తీర్పునకు తలయొగ్గును. నిన్న ఇతరుని బొంగరమును పొడిచినవాడు నేడు తన బొంగరము పోట్లు తినుచుండ చూచి ఓర్చుకొనును. ఓడినవాడు ఆటనుండి తొలగిపోనక్కఱలేదనియు, మరల త్రాడు చుట్టుకొనవచ్చుననియు ఇంత త్వరగా బోధించు పాఠము అరుదు.

ఇట్టి పోటీ తెలుగునాటికే పరిమితము కాదు. జపానులో బేగోమా యను చిన్న బొంగరముల ఆట కలదు. దాని పేరు ఒక సముద్రపు నత్తగుల్లనుండి వచ్చినది. పూర్వము ఆ గుల్లలో ఇసుక వంటివి నింపి, మైనముతో మూసి త్రిప్పెడివారు. తరువాత పోత యినుముతో చేసిరి. వాడరేవు ఒడ్డున గుల్లలేరుకొను బాలబాలికలకు ఈ సంగతి ముచ్చట గొలుపక మానదు. పీపా మూతిపై గుడ్డను పఱచి, నడుమ కొంచెము పల్లముగా నుంచి, బొంగరములను దానిపై వదలుదురు. పల్లము వలన అవి నడిమికి జాఱి ఢీకొనును. ఈ యాట ననుసరించియే 1999లో టకారా యను జపాను సంస్థ బేబ్లేడు బొమ్మను విడుదల చేసినది. ఇందు త్రాటికి బదులు పండ్లుగల పట్టీని పిడిలో దూర్చి లాగుదురు. గుడ్డకు బదులు ప్లాస్టిక్కు పళ్లెము. 2000 తరువాతి దశాబ్దమున టెలివిజను కథల ద్వారా ఇది భారతదేశపు పిల్లలకు పరిచితమైనది.

కొయ్యదైనను, ప్లాస్టిక్కుదైనను బొంగరము నిలుచుటకు కారణము వేగముగా తిరుగుటయే. మొనవద్ద రాపిడి వలన వేగము తగ్గిన కొలది తల యూగి, తుదకు ఒఱగును. బరువు నడుమకంటె అంచున అధికముగా నున్నచో, అదే వేగమున వదలినను ఎక్కువ కాలము తిరుగును. కొయ్యబొంగరమున నేర్పంతయు చేతిలో నున్నది. బేబ్లేడులో భాగములను మార్చి బరువును, ఆకారమును ఎన్నుకొనవచ్చును. ఆ యెన్నికయు ఒక విద్యయే. పెద్దలు దానిని చులకన చేయరాదు.

కాని చిక్కు ఇచ్చటనే యున్నది. ఎక్కువ భాగములు కొనగలవానికి ఎక్కువ అవకాశములు. పడవపై కూలికి పోవువాని బిడ్డ వెలుపల నిలిచి చూచును. గిరిలో ఓడుట బాలుని చెఱుపదు. గిరిలోనికి రాలేకపోవుట చెఱుచును.

ఈ చిక్కును గ్రంథాలయము ఏనాడో విప్పినది. ఒక్కరు కొనలేని పుస్తకమును ఊరంతయు కలసి కొని అందఱికి నిచ్చుటయే గ్రంథాలయ ధర్మము. సమీపమున వేటపాలెములో 1918లో సారస్వత నికేతనము వెలసినది ఈ ధర్మము మీదనే. 1929లో మహాత్మాగాంధి దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆటవస్తువులకును ఇదే ధర్మము చెల్లును. 1935లో, ఆర్థికమాంద్య కాలమున, అమెరికాలోని లాస్ ఏంజిలిసు ప్రాంతమున బొమ్మలను పుస్తకములవలె ఎరువిచ్చు పద్ధతి ఆరంభమైనది.

ఇందులకు కావలసినది స్వల్పము: పది బొంగరములు, పది త్రాళ్లు, ఒక చిట్టాపుస్తకము, నీళ్లు చల్లి దిమ్మిస చేసిన కొంత నేల. మేకుబొంగరము పసివారికి తగదు. వారికి వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱకు లక్కరంగులు పట్టించి చేసెడి బొంగరములు మేలు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కర్మాగారపు బొమ్మ కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడవలెను, 2021 జనవరి 1 నుండి అది తప్పనిసరి. మేకుబొంగరము విసరునపుడు చూపరులు గిరికి దూరముగా నుండవలెను. బొంగరము మగపిల్లల ఆట యను మాట వాడుకలో కలదు. త్రాటికిని, కొయ్యకును ఆ భేదము తెలియదు. గ్రంథాలయపు చిట్టాలోను ఉండరాదు.

బిడ్డ ఓడి ఏడ్చినచో తల్లిదండ్రులు కొత్త బొంగరము కొనుటకు అంగడికి పరుగెత్తనేల? ప్రక్కన కూర్చుండి త్రాడు బిగువుగా చుట్టుట మరల చూపిన చాలును. తక్కిన తీర్పు పిల్లలే చెప్పుకొందురు. ఇరువదియైదేండ్లు పుస్తకమును అందఱికి సమముగా నందించిన గ్రామమునకు, ముంగిట ఒక గిరికి చోటిచ్చుట పెద్ద భారము కాదు.